సాఫ్ట్‌వేర్ ఆఫర్ వదులుకుని మానవ హక్కుల సంస్థలో రీసెర్చ్ అనలిస్ట్‌గా చేరొచ్చా?

మున్నేరు_గట్టు:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. ఈ ఏడాదే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తయింది. చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి గచ్చిబౌలిలో డేటా అనలిస్ట్, ఏడాదికి ఆరు లక్షలు. రెండోది హైదరాబాద్‌లోనే ఒక చిన్న మానవ హక్కుల సంస్థలో రీసెర్చ్ అనలిస్ట్, నెలకు 32 వేలు, పదకొండు నెలల కాంట్రాక్టు. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడుల కేసులు, ఆడవాళ్ళ మీద హింస, వీటి డేటా చూడాలట. అప్పుడప్పుడు ఊళ్ళకు కూడా వెళ్ళాలట.

రెండో చోట ఇంటర్వ్యూలో పేర్లు కొట్టేసిన ఒక పాత ఎఫ్‌ఐఆర్ చేతికిచ్చి, "ఇందులో ఏముందో వద్దు, ఏం లేదో చెప్పు" అన్నారు. ఏదో చెప్పాను. కానీ అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. 

నాన్న ఆర్టీసీలో డ్రైవర్. "మనం ఆ గొడవల్లోంచి బయటపడాలనే కదమ్మా నిన్ను చదివించింది, మళ్ళీ అందులోకే పోతానంటావేంటి" అంటున్నారు. కోపంగా కాదు, భయంగా. మేం మాదిగలం. నాన్న ఊరు వదిలి ఖమ్మం రావడానికి ఓ కారణం ఉంది. ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ పని చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజూ నిజంగా ఏం చేస్తారు? దీన్లో ముందుకు దారి ఉందా? ఇంకొకటి, ఇది కొంచెం మొహమాటంగానే అడుగుతున్నాను. నా కులం తెలిశాక "నీ వాళ్ళ లెక్కలు నువ్వు వేస్తే నమ్మేదెట్లా" అంటారా? అంటే ఏం చెప్పాలి?

గుండ్లకమ్మ:

చెల్లీ, నేను ఈ పనిలోనే ఉన్నాను. ఒంగోలు, గుంటూరు, నల్గొండ తిరిగి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. సొంతూరు చీరాల దగ్గర. ముందుగా ఒక మాట. ఎఫ్‌ఐఆర్‌లో ఏం లేదో చెప్పమని అడిగారంటే ఆ సంస్థలో పని తెలిసినవాళ్ళు ఉన్నారు. నీ ఆఫర్ గురించి రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

రోజూ చేసేదాంట్లో ఎక్కువ భాగం తేదీలే. ఒక్కో కేసుకు ఎక్సెల్‌లో ఒక్కో వరుస. ఘటన జరిగిన తేదీ, బాధితులు స్టేషన్‌కు వెళ్ళిన తేదీ, ఎఫ్‌ఐఆర్ కట్టిన తేదీ, అందులో ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్లు మొదటే పడ్డాయా, తర్వాత చేర్చారా, కుల ధ్రువీకరణ పత్రం ఎప్పుడు అడిగారు, తహసీల్దార్ ఎప్పుడిచ్చారు, దర్యాప్తు చేసిన అధికారి హోదా, చార్జిషీటు తేదీ, పరిహారం ఏ విడత ఎప్పుడు అందింది, తీర్పు ఎప్పుడు. ఈ గడులు నింపడానికి స్టేషన్, కోర్టు, కలెక్టరేట్, బాధితుల ఇల్లు, నాలుగు చోట్లా తిరగాలి. నాలుగు చోట్లా ఒకే తేదీ చెప్పరు.

తేదీలు ఎందుకంటే, ఈ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం అంటారు) గడువులు పెట్టి మరీ రాసిన చట్టం. 1989 చట్టం, 1995 రూల్స్, 2015 సవరణ, మూడూ పక్కన పెట్టుకుని చదువు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. అక్కడి నుంచి రెండు నెలల్లో విచారణ ముగిసేలా చూడాలి. కులం పేరుతో దూషించిన కేసులో లక్ష రూపాయల పరిహారం అంటే, పావు వంతు ఎఫ్‌ఐఆర్ కట్టగానే, సగం చార్జిషీటు వెళ్ళాక, మిగిలిన పావు కింది కోర్టులో శిక్ష పడ్డాక ఇవ్వాలి. ఇంత స్పష్టంగా రాసి ఉంది కాబట్టి, ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. "పోలీసులు పట్టించుకోవట్లేదు" అని నువ్వు రాస్తే అది ఆరోపణ. "ఈ జిల్లాలో మేం చూసిన కేసుల్లో ఇన్నింటికి చార్జిషీటు 60 రోజులు దాటింది, వాటి నంబర్లు ఇవీ" అని రాస్తే కలెక్టర్ సమావేశంలో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మా రిపోర్టుల్లో విశేషణాలు తీసేయమని నేను కొత్తవాళ్ళ వెంట పడేది అందుకే.

ఇక లెక్కల సంగతి. నువ్వు స్టాటిస్టిక్స్ మనిషివి కాబట్టి నీకు ఇక్కడే అసలు పని ఉంది.

ఎస్సీల మీద నేరాల కేసులు దేశం మొత్తం మీద 2021లో 50,900, 2022లో 57,582 అని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) పుస్తకంలో ఉంది. పుస్తకం రాగానే పత్రికల నుంచి ఫోన్లు వస్తాయి. "మేడమ్, దాడులు 13 శాతం పెరిగాయి కదా, ఒక మాట చెప్పండి." పెరిగింది నమోదైన కేసులు. దాడులు పెరిగాయో, కేసు పెట్టే ధైర్యం పెరిగిందో, ఏదైనా రాష్ట్రంలో నమోదు పద్ధతి మారిందో ఆ ఒక్క అంకె చెప్పదు. ఆ పట్టికల్లో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో చాలా నేరాలుంటే అన్నిటికంటే పెద్ద శిక్ష పడే నేరం కిందనే లెక్క వేస్తారు. హత్య జరిగిన కేసులో ఇల్లు తగలబెట్టడం, కులదూషణ కూడా ఉంటే, పట్టికలో హత్య మాత్రమే మిగులుతుంది. రెండోది, లక్ష జనాభాకు ఇన్ని కేసులు అనే రేటుకు ఎస్సీ జనాభా 2011 జనగణన నుంచి తీసుకుంటున్నారు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చింది కాబట్టి, పాత సెక్షన్లతో కొత్తవి జత చేయకుండా ఏళ్ళవారీ గ్రాఫ్ గీస్తే తప్పుదారి పడతావు.

ఇదంతా పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. పుస్తకంలో లేనిది ఒకటుంది. దానికోసమే ఇంత రాస్తున్నాను.

కేసులు ఎక్కువున్న మండలం కంటే ఒక్క కేసూ లేని మండలం గురించి నేను ఎక్కువ కంగారు పడతాను. ఎస్సీ వాడ ఉండి, ఊళ్ళో భూమి అంతా వేరేవాళ్ళది అయి, కూలికి వెళ్ళేది వీళ్ళే అయి, ఐదేళ్ళుగా స్టేషన్‌లో ఒక్క అట్రాసిటీ కేసు కూడా లేదంటే, రెండే అర్థాలు. నిజంగా ప్రశాంతంగా ఉండొచ్చు. లేదా స్టేషన్ మెట్లెక్కితే రేపటి కూలి పోతుందని అందరికీ తెలిసి ఉండొచ్చు. ఏదో తెలుసుకోవాలంటే వెళ్ళాల్సిందే. మా టీమ్ ఏ జిల్లాకు వెళ్ళినా ముందు ఆ సున్నాల జాబితా తీస్తాం.

వెళ్ళి "మీమీద దాడి జరిగిందా" అని అడిగితే ఎవరూ చెప్పరు. సాంఘిక బహిష్కరణనే తీసుకో. 2015 సవరణతో అది నేరంగా చట్టంలోకి స్పష్టంగా వచ్చింది. అయినా రుజువు చేయడం చాలా కష్టం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కూలికి పిలవడం మానేశారు. కొట్టువాడు "సరుకు లేదు" అంటాడు. ఆటో ఆగదు. అందుకని మేం అడిగే ప్రశ్నలు వేరు. ఊళ్ళో కొట్టు ఉండగా ఉప్పు, నూనె ఎక్కడినుంచి తెస్తున్నారు? పోయిన నెల ఎన్ని రోజులు పనికెళ్ళారు, గొడవకు ముందు నెల ఎన్ని రోజులు? పాలు ఎవరికి పోస్తున్నారు? పిల్లలు బడికి ఏ దారిన వెళ్తున్నారు? ఇరవై ఇళ్ళలో ఇవే ప్రశ్నలు అడిగి, ముందు నెల, తర్వాత నెల పక్కపక్కన పెడితే బహిష్కరణ అంకెల్లో కనబడుతుంది. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, బహిష్కరణలు విధించిన సంగతులు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. అట్లాంటి చోట్ల ఈ ప్రశ్నలు తప్ప వేరే దారి లేదు.

సున్నాను నమ్మకపోవడం నేను కనిపెట్టింది కాదు. పాకీ పని విషయంలో సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్ళు చేసింది చూడు. దాన్ని నడిపించిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ ఉద్యమానికి ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు అండగా నిలిచారు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చాక ప్రభుత్వ శాఖలు "మా దగ్గర లేరు" అని రాసి ఇస్తుంటే, వీళ్ళు ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్లను, వాటిని శుభ్రం చేసే మనుషులను ఫోటోలతో సహా నమోదు చేసి 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో కొత్త చట్టం, 2014 మార్చిలో తీర్పు వచ్చాయి. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. 2023లో కోర్టే దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2013, 2018 సర్వేల్లో ప్రభుత్వమే గుర్తించిన పాకీ పనివాళ్ళు 58,098 మంది. లేరన్న మనుషులు అంతమంది. ఇలా ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద పరిశోధన.

ఆడవాళ్ళ మీద హింస దగ్గర కూడా ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. దేశం మొత్తం మీద, హింస ఎదుర్కొన్నవాళ్ళలో సాయం కోరినవాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది ఎవరికీ చెప్పనే లేదు. ఆ సర్వేలో ఈ ప్రశ్నలు ఇంటికి ఒక్క స్త్రీనే అడుగుతారు, అదీ పక్కన ఎవరూ లేనప్పుడే. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేస్తారు. కాబట్టి స్టేషన్ లెక్కకూ సర్వే లెక్కకూ ఉన్న తేడా పొరపాటు కాదు. ఆ తేడాలోనే మనుషులు ఉన్నారు. ఎక్కువ కేసులు కట్టిన జిల్లాను "హింసలో నంబర్ వన్" అని రాసే పత్రికలకు ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే రాస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది. అక్కడి ఎస్ఐ ఒకరు కాస్త మనసుపెట్టి కేసులు తీసుకుంటే, పై అధికారి వచ్చి "నీ స్టేషన్‌లోనే ఎందుకింత" అని అడుగుతాడు. తర్వాతి ఏడాది కేసులు తగ్గుతాయి.

మనసు తట్టుకుంటుందా అని నువ్వు నేరుగా అడగలేదు కానీ మీ నాన్నగారి మాటల్లో ఆ ప్రశ్న ఉంది. మా ఊరికి దగ్గర్లోదే కారంచేడు. 1985 జులై 17న అక్కడ దళితుల మీద దాడి జరిగింది. చనిపోయింది ఆరుగురు. బతికినవాళ్ళు చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. నేను ఆ మాటలు వింటూ పెరిగాను. తర్వాత చుండూరు, 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. బాధితులు పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. మన ఎక్సెల్‌లో దీన్ని ఏ గడిలో వేస్తావు? "శిక్ష పడింది" అనా, "కొట్టేశారు" అనా? మేం రెండు కోర్టులకూ వేరు వేరు గడులు పెడతాం. కానీ ఆ వరుస దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుంది. ఇన్నేళ్ళయినా ఆగుతుంది. ఆగకపోతే నాకు భయం వేస్తుంది.

కులం ప్రశ్న. అంటారు చెల్లీ, అంటారు. నన్నూ అన్నారు. మొహం మీద అన్నవాళ్ళు కొందరు, సెమినార్‌లో మర్యాదగా "పొజిషన్" అనే మాట వాడి అన్నవాళ్ళు ఇంకొందరు. కలెక్టరేట్‌లో లెక్కలు రాసేవాళ్ళను, పత్రికల్లో వార్త రాసేవాళ్ళను ఎవరూ వాళ్ళ కులం అడిగి నమ్మరు, అడక్కుండానే నమ్ముతారు. నిన్ను మాత్రం అడుగుతారు. ఇది అన్యాయం. అయినా జవాబు పద్ధతిలోనే ఇవ్వాలి. ప్రతి గడికీ మూలపత్రం స్కాన్ ఉండాలి. ఒకే కేసు ఫైలును ఇద్దరు విడివిడిగా చదివి గడులు నింపాలి, తేడా వస్తే మూడో మనిషి చూడాలి. దేన్ని "ఆలస్యం" అంటున్నామో పని మొదలుపెట్టకముందే రాసిపెట్టాలి. మనకు అనుకూలంగా లేని కేసులు, అంటే దర్యాప్తు సక్రమంగా జరిగినవి, ఫిర్యాదు నిలబడనివి, అవి కూడా అదే పట్టికలో ఉండాలి. ఇవన్నీ ఉన్నాక "నీ వాళ్ళ లెక్క" అన్నవాళ్ళ ముందు ఫైలు పెట్టి "ఏ వరుస తప్పో చూపించండి" అని అడుగు. నేను అడిగిన చోట ఇంతవరకూ వరుస చూపించినవాళ్ళు లేరు.

ఇంకోటి చెప్పనా? వాడలోకి వెళ్ళి కూర్చున్నప్పుడు, నువ్వెవరి అమ్మాయివో తెలిశాక నీకు చెప్పే మాటలు, బయటినుంచి వచ్చిన మనిషికి చెప్పరు. అది పరిశోధనకు లోపం ఎలా అవుతుంది?

నల్లకోటు:

గుండ్లకమ్మ గారు అంతా చెప్పేశారు. కోర్టు వైపు నుంచి నాలుగు ముక్కలు. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను తల్లీ, బాధితుల తరఫున.

కులదూషణ కేసుల గడుల్లో "ఎక్కడ" అనేది తప్పకుండా పెట్టు. చట్టం ప్రకారం అవమానం నలుగురికీ కనబడే చోట జరగాలి. 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకు ఆ సెక్షన్ వర్తించదని చెప్పింది. అప్పటి నుంచి డిఫెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది ఇదే. ఎఫ్‌ఐఆర్‌లో "మా ఇంటికి వచ్చి తిట్టాడు" అని మాత్రమే ఉంటే కేసు బలహీనపడుతుంది. నిజానికి తిట్టింది వాకిట్లో, వీధి మొత్తం చూస్తుండగా. రాసిన కానిస్టేబుల్ ఒక ముక్క తక్కువ రాశాడు, అంతే. నీకు ఇంటర్వ్యూలో ఇచ్చిన ఎఫ్‌ఐఆర్‌లో లేనిది బహుశా ఇలాంటిదే.

బాధితులకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని అట్రాసిటీ చట్టం 15ఏ సెక్షన్‌లో ఉంది. ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి మాత్రం పెట్టరు. కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికినవే మొత్తం అనుకోవద్దు. కోర్టులో కేసు వెంట పడాలంటే కోర్టు ఒక్కో కేసుకు ఇచ్చే సీఎన్ఆర్ నంబరు రాసుకో, వాయిదా తేదీలన్నీ ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కనబడతాయి. సాక్షులు ఎన్నో వాయిదా దగ్గర అడ్డం తిరిగారో చూస్తే నీకే అర్థమవుతుంది. మొదటి రెండేళ్ళలో నిలబడినవాళ్ళే ఎనిమిదో ఏట "నాకేం గుర్తులేదు" అంటారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. అదే ఊళ్ళో బతకాలి కదా.

బాధితురాలి పేరు రాయకపోతే చాలు అనుకోకు. ఊరి పేరు, కులం, వయసు మూడూ రాస్తే, ఆ కులం ఇళ్ళు రెండే ఉన్న ఊళ్ళో పేరు రాసినట్టే. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం కూడా.

పంతులమ్మ_కొత్తగూడెం:

2024 నవంబర్‌లో తెలంగాణ ఇంటింటి సర్వేకు ఎన్యుమరేటర్‌గా తిరిగాను. మధ్యాహ్నం దాకా బడి, తర్వాత ఇళ్ళు. 57 ప్రశ్నల ఫారం. కులం అడిగితే తడుముకుంటారనుకున్నా. చాలామంది టక్కున చెప్పారు. అప్పు ఎంత, భూమి ఎంత, ఆదాయం ఎంత అన్న దగ్గరే ఆగారు. "చెబితే రేషన్ కార్డు పోతుందా టీచరమ్మా?" అని ప్రతి వీధిలో ఎవరో ఒకరు అడిగారు. నేను పోదని చెప్పాను, వాళ్ళు సగమే నమ్మారు. ఆ నమ్మకం ఎంత ఉంటే గడిలో అంకె అంత నిజం. ఆఫీసులో కూర్చుని మేం నింపిన ఫారాలు విశ్లేషించేవాళ్ళు ఒక్క రోజైనా మాతో గడప గడపకూ వచ్చి ఉంటే బాగుండునని అప్పుడే అనుకున్నా. అమ్మాయీ, నువ్వు ఊళ్ళకు వెళ్ళే ఉద్యోగమే చూసుకో.

బర్మింగ్‌హామ్_నుంచి:

నేను ఇంగ్లండ్‌లో ఒక లోకల్ కౌన్సిల్‌లో సమానత్వ విశ్లేషకుడిగా చేస్తున్నానండి. గుంటూరు నుంచి వచ్చాను. ముందుకు దారి ఉందా అని అడిగారు కదా, ఇక్కడ ఇది మామూలు ప్రభుత్వ ఉద్యోగం. 2010 సమానత్వ చట్టంలో వయసు, వైకల్యం, జాతి, మతం, లింగం వంటి తొమ్మిది అంశాలున్నాయి. 149వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఏ నిర్ణయం తీసుకున్నా వీటి మీద ప్రభావం ఆలోచించాలి. లైబ్రరీ మూసేద్దామనో, ఒక బస్సు రూటుకు డబ్బు ఆపేద్దామనో అనుకుంటే, ఆ బస్సు ఎక్కేది ఎవరు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళెంతమంది, ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళెంతమంది అని లెక్క తీసి ముందే పెట్టాలి. ఆ లెక్క సరిగ్గా చేయకపోతే నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. నా పని అదే.

గుండ్లకమ్మ గారి సున్నా గురించి చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఇక్కడ మా ఫారాల్లో కులం అనే గడి లేదు. 2013లో పార్లమెంటు కులాన్ని చట్టంలో చేర్చాలని తీర్మానిస్తూ సవరణ చేసింది. 2018 జులైలో ప్రభుత్వం అక్కర్లేదు, కోర్టు తీర్పులు చాలు అంది. చాంధోక్, టిర్కీ కేసులో 2014లో ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును చూపించింది. ఒక భారతీయ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉన్న ఆమె కేసు అది. గడి లేదు కాబట్టి మా పట్టికల్లో కుల వివక్ష లేనట్టే. కానీ గది అద్దెకు వెతికే మన పిల్లలు కొందరు "ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఏ వీధి" అనే ప్రశ్నలు ఇక్కడ కూడా విన్నామని నాకు చెప్పారు. దాన్ని ఎక్కడ రాయాలో నాకు చోటు లేదు. గడి కోసం అడుగుతూనే ఉన్నాను, ఇంకా అడుగుతాను.

స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉండి, కోర్టులో నిలబడేలా రిపోర్టు రాయగలిగి, ఊళ్ళలో పని చేసిన అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కడైనా తక్కువేనండి. జీతం గురించి నాన్నగారికి అబద్ధం చెప్పొద్దు, మొదటి ఐదేళ్ళు తేడా బాగా ఉంటుంది.

మున్నేరు_గట్టు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చుండూరు దగ్గర ఆపమన్నారు. తర్వాత చాలాసేపు ఊరి సంగతి చెప్పారు, నాకు తెలియనివన్నీ. ఆయన ఒప్పుకున్నారని కాదు. "పదకొండు నెలలు అయ్యాక ఏంటి? రాత్రిపూట ఊళ్ళలో ఎక్కడుంటావు?" అని మాత్రం అడిగారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. చేరేముందు సంస్థను ఏమేం అడగాలి? ఇంకా టైమ్ ఉంది, ఈలోగా ఏదైనా చేసి చూడొచ్చా?

గుండ్లకమ్మ:

నాన్నగారు అడిగినవి సరైన ప్రశ్నలు. వాటినే సంస్థను అడుగు, మొహమాటపడకు.

పదకొండు నెలల తర్వాత ఈ ప్రాజెక్టుకు డబ్బు ఉందా, ఎవరిస్తున్నారు అని అడుగు. 2020లో విదేశీ విరాళాల చట్టం మారాక, పెద్ద సంస్థలు తమకు వచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థలకు పంచే వీలు పోయింది. పరిపాలనా ఖర్చుకు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. చాలా చిన్న సంస్థలు దానితో కుదేలయ్యాయి. కాబట్టి ఇది వాళ్ళను అవమానించే ప్రశ్న కాదు. పీఎఫ్ కడతారా అడుగు. ఊళ్ళకు ఒక్కదాన్నే పంపుతారా, ఇద్దరినా? రాత్రి బస ఎక్కడ? మా దగ్గర చీకటి పడకముందే మండల కేంద్రానికి వచ్చేయాలి, ఏ ఊళ్ళో ఉన్నామో ఇంకొకరికి ఎప్పుడూ తెలిసి ఉండాలి. ఇది రాతపూర్వకంగా లేని సంస్థలో నేను చేరొద్దంటాను, ఎంత మంచివాళ్ళైనా. బరువైన కేసు విన్నాక మాట్లాడుకోవడానికి సీనియర్ ఎవరుంటారు, అదీ అడుగు. చివరిగా, నువ్వు సేకరించిన బాధితుల వివరాలు ఎవరి కంప్యూటర్‌లో ఉంటాయి, డబ్బిచ్చినవాళ్ళు అడిగితే పేర్లతో సహా ఇచ్చేస్తారా? దీనికి తడబడితే జాగ్రత్తపడు.

గచ్చిబౌలి ఉద్యోగం తీసుకుంటే నువ్వు ద్రోహం చేసినట్టేం కాదు. ఇంట్లో అప్పులుంటే రెండేళ్ళు అక్కడ చేసి రా. నాతో పనిచేసే ఒకమ్మాయి అలాగే వచ్చింది, కోడింగ్ ఆమెకు వచ్చినంత మాలో ఎవరికీ రాదు. అయితే నా మనసులో మాట అడిగితే, ఇప్పుడే రా అంటాను.

ఈలోగా చేయాల్సింది ఒకటుంది. 1995 రూల్స్‌లో 17వది ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. కేసులు ఎక్కడ ఆగాయో, పరిహారం అందిందో చూడాలి. మీ కలెక్టరేట్‌కు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. గత రెండేళ్ళలో ఆ కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్ కాపీలు, మండలాలవారీగా నమోదైన అట్రాసిటీ కేసుల సంఖ్య, ఈ మూడే అడుగు. ఎందుకు జరగలేదు, ఎవరు బాధ్యులు అని అడగొద్దు, పత్రాలే అడుగు. స్పీడ్ పోస్ట్ రసీదు దాచుకో. 30 రోజుల్లో జవాబు రావాలి. వస్తే సున్నా ఉన్న మండలాల పేర్లు ఇక్కడ పెట్టు, ఏ ఊళ్ళతో మొదలుపెట్టాలో కలిసి చూద్దాం. రాకపోతే 31వ రోజు మొదటి అప్పీలు వెయ్యి, నమూనా నేను పంపిస్తాను.